పసిపిల్లల న్యుమోనియా: ఊపిరి చూసి ఎంతవరకు చెప్పగలం?

ఐదేళ్లలోపు పిల్లల దగ్గు, ఆయాసం, నెమ్ము (న్యుమోనియా) గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. జవాబులు పిల్లల వైద్య నిపుణులవి.

ప్రశ్న: మా బాబుకు పది నెలలు. నాలుగు రోజులుగా దగ్గు, జలుబు, 101 డిగ్రీల జ్వరం. డాక్టరుగారు చొక్కా తీయించి, గడియారం చూస్తూ ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. "54 ఉంది, నెమ్ము అయ్యుండవచ్చు" అని మందు రాశారు. ఎక్స్‌రే తీయించలేదు, రక్తపరీక్ష చేయించలేదు. ఆ ఒక్క లెక్కతో జబ్బు తెలిసిపోతుందా?

జవాబు: తెలిసిపోదు. "అయ్యుండవచ్చు" అన్నారు చూడండి, అదే సరైన మాట. అయినా ఆ నిమిషం వృథా పోలేదు.

ఊపిరితిత్తుల్లోని గాలిగదులు వాచి ద్రవంతో నిండితే ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్లే గాలి తగ్గుతుంది. లోతుగా పీల్చలేని బిడ్డ ఆ లోటు తీర్చుకోవడానికి ఎక్కువసార్లు పీలుస్తాడు. 1980లలో పాపువా న్యూగినీలోని గొరోకాలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు ఈ సంగతిని ఆధారం చేసుకున్నారు. ఎక్స్‌రే లేని చోట దగ్గుతో వచ్చిన పిల్లల్లో ఎవరికి యాంటీబయాటిక్ ఇవ్వాలి, ఎవరిని ఆసుపత్రిలో చేర్చాలి అన్నది తేల్చడానికి ఊపిరి వేగాన్నీ, పక్కలెగరేయడాన్నీ (గాలి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోవడాన్నీ) కొలతలుగా పెట్టుకోవచ్చని ఆయన చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అందుకుంది. మొదట అందరికీ నిమిషానికి 50 అని ఒకే గీత ఉండేది. తర్వాత వయసును బట్టి మార్చారు. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలు నిండి ఏడాదిలోపు ఉంటే 50, ఏడాది నిండి ఐదేళ్లలోపు ఉంటే 40. ఆ అంకె వచ్చినా, దాటినా వేగంగా పీలుస్తున్నట్టే. మీ బాబుకు గీత 50, లెక్క 54.

ఇక ఆ గీతను ఎంత నమ్మవచ్చో చూద్దాం. దగ్గుతో వచ్చిన పిల్లలు వందమంది ఉన్నారనీ, వాళ్లలో పదిమందికి నిజంగా న్యుమోనియా ఉందనీ అనుకుందాం. జబ్బున్న పదిమందిలో ఏడుగురిని ఊపిరి లెక్క పట్టుకుందనుకోండి. జబ్బు లేని తొంభైమందిలో కూడా సుమారు మూడోవంతు, అంటే 31 మంది, జ్వరం వల్లో ముక్కు మూసుకుపోయో ఏడ్చో గీత దాటారనుకోండి. మొత్తం 38 మంది గీత దాటారు. వాళ్లలో న్యుమోనియా ఉన్నవాళ్లు ఏడుగురే. గీత దాటని 62 మందిలోనూ ముగ్గురు తప్పించుకున్నారు. ఇవి ఊహించుకున్న అంకెలే గానీ వాస్తవానికి మరీ దూరంగా లేవు. గీత దాటితే జబ్బు ఉన్నట్టేనని ఎందుకు అనలేమో, దాటకపోయినా రెండు రోజులు కనిపెట్టి ఉండమని ఎందుకు చెబుతామో ఈ లెక్కలోనే ఉంది.

ప్రశ్న: నేను ఆరోగ్య కార్యకర్తను. ఒకే బిడ్డకు నేను లెక్కపెడితే 48, తోటి కార్యకర్త లెక్కపెడితే 56. ఎవరిది సరి?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. పసిపిల్లల ఊపిరి నిమిషానికోరకంగా ఉంటుంది. కానీ ఇంత తేడా వచ్చినప్పుడు ముందు లెక్కపెట్టిన పద్ధతినే అనుమానించాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం దగ్గర. పదిహేను సెకన్లలో 12 వస్తే 48, 13 వస్తే 52. ఒక్క శ్వాస అటూ ఇటూ అయితే బిడ్డ గీతకు ఈ పక్కనుంచి ఆ పక్కకు దూకేస్తాడు. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసినా తప్పు రెట్టింపవుతుంది. పైగా చంటిపిల్లలు గబగబా కొన్ని శ్వాసలు తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. ఆ ఆగిన వేళ మీ పదిహేను సెకన్లలో పడితే తక్కువ, పడకపోతే ఎక్కువ. కాబట్టి నిండు 60 సెకన్లూ లెక్కపెట్టాల్సిందే.

బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచండి. మీరు తాకడానికి ముందే, ఉష్ణోగ్రత చూడకముందే, గొంతు తెరిపించకముందే ఊపిరి లెక్క అయిపోవాలి. ఒకసారి ఏడుపు మొదలైందా, ఆ లెక్క పనికిరాదు. ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా, ఆడుతూ గెంతుతున్నా లెక్కపెట్టవద్దు. నిద్రపోతుంటే లేపవద్దు, అలాగే లెక్కపెట్టి నిద్రలో చూసినట్టు రాసుకోండి. తర్వాతి లెక్క కూడా నిద్రలోనే చూస్తే పోల్చుకోవడానికి వీలుంటుంది. చొక్కా పైకెత్తి, పొట్టా రొమ్మూ కలిసేచోట ఒక బిందువు ఎంచుకుని దానిమీదే చూపు నిలపండి. పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. దిగినప్పుడు కూడా లెక్కపెట్టి అంకెను రెట్టింపు చేసుకునేవాళ్లు కొత్తవాళ్లలో ఉంటారు. గడియారాన్నీ పొట్టనూ మార్చిమార్చి చూస్తే లెక్క తప్పుతుంది. గడియారాన్ని పొట్ట పక్కనే పట్టుకోండి, లేదా నిమిషం కాగానే మోగేలా ఫోన్లో అలారం పెట్టుకోండి.

గీతకు దగ్గరగా, అంటే నాలుగైదు శ్వాసల తేడాలో వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే రెండోసారి లెక్కపెట్టడం తప్పనిసరి. రెండోసారీ అలాగే వస్తేనే వేగంగా ఉన్నట్టు.

జ్వరం కూడా ఊపిరిని పెంచుతుంది. ఒళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే నిమిషానికి సుమారు రెండు నుంచి నాలుగు శ్వాసలు పెరగవచ్చు. గీత దాటింది ఆ నాలుగైదు శ్వాసలే అయితే, బిడ్డ హుషారుగా ఉంటే, జ్వరం దిగాక మళ్లీ చూడటంలో తప్పులేదు. గీత 50 ఉన్న చోట లెక్క 70 వస్తే మాత్రం జ్వరం మీదకు నెట్టేయకండి.

ప్రశ్న: "పక్కలెగరేస్తున్నాడు" అని మా అత్తయ్య అంటారు. నాకు మాత్రం మామూలుగా పొట్ట కదులుతున్నట్టే ఉంది. తేడా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: గాలి పీల్చినప్పుడు ఏం జరుగుతోందో చూడండి. మామూలుగా అయితే బిడ్డ గాలి పీల్చగానే పొట్టా రొమ్మూ రెండూ పైకి లేస్తాయి. పక్కలెగరేసే బిడ్డకు పొట్ట పైకి లేస్తూనే, చివరి పక్కటెముకల వరుస కింద ఛాతీ గోడ లోపలికి గుంజుకుపోతుంది. బిగుసుకుపోయిన ఊపిరితిత్తిలోకి గాలి లాగడానికి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం బలంగా పనిచేస్తుంటే, పసిపిల్లల మెత్తటి పక్కటెముకలు ఆ లాగుడుకు తట్టుకోలేక లోపలికి వంగుతాయి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: బిడ్డ నడుం దగ్గర మడిచి కూర్చుంటే పొట్ట మడతే లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. అందుకని ఒళ్లో వెల్లకిలా, తిన్నగా పడుకోబెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూడండి. పక్కటెముకల సందుల్లో చర్మం కొద్దిగా లోపలికి పోవడం, మెడ కింద గుంట పడటం ఆయాసానికి గుర్తులే గానీ ఈ లక్షణం కిందకు రావు. ఏడ్చినప్పుడో, పాలు తాగుతున్నప్పుడో మాత్రమే కనిపిస్తే లెక్కలోకి తీసుకోరు. ప్రశాంతంగా ఉన్నప్పుడు, ప్రతి శ్వాసకూ కనిపించాలి. రెండు నెలలలోపు బిడ్డకు ఎముకలు మరీ మెత్తన కాబట్టి కొద్దిపాటి గుంజుడు మామూలే. లోతుగా, దూరం నుంచి చూసినా తెలిసేలా ఉంటేనే ప్రమాదం.

అనుమానంగా ఉంటే ఫోన్లో అర నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి. మాటల్లో వర్ణించేదానికన్నా అది ఎంతో మేలు.

పక్కలెగరేయడంతోపాటు ముక్కుపుటాలు విచ్చుకోవడం, ప్రతి శ్వాసకూ తల ఊగడం, ఊపిరి వదిలేటప్పుడు "ఊఁ... ఊఁ" అని చిన్నగా మూలగడం కూడా గమనించండి. ఈ మూలుగుడును నొప్పివల్ల అనుకుంటారు చాలామంది. నిజానికి గాలిగదులు పూర్తిగా ముడుచుకుపోకుండా ఉండటానికి బిడ్డ గొంతు సగం మూసి గాలి వదులుతున్నాడన్నమాట. ఇది వినిపిస్తే ఇంట్లో ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకండి, బయలుదేరండి.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. స్టెతస్కోపులో చిటపట శబ్దాలు వింటే న్యుమోనియా అని నేర్పారు. వార్డులో ఒకరికి వినిపించినవి ఇంకొకరికి వినిపించవు. ఏ లక్షణానికి ఎంత విలువ?

జవాబు: మీకు ఎదురైన ఇబ్బందే పరిశోధకులకూ ఎదురైంది. 2017లో జామా అనే వైద్య పత్రికలో 23 అధ్యయనాలను కలిపి చేసిన సమీక్ష వచ్చింది. అందులో ఎక్స్‌రేలో కనిపించిన న్యుమోనియాను ప్రమాణంగా పెట్టుకుని ఒక్కో లక్షణాన్నీ తూచారు. కొలిచిన తీరు ఇది: న్యుమోనియా ఉన్న పిల్లల్లో ఒక లక్షణం, లేని పిల్లలతో పోలిస్తే ఎన్ని రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది? పది రెట్లు కనిపిస్తే జబ్బును దాదాపు ఖాయం చేసినట్టు. ఒక రెట్టు అంటే ఆ లక్షణం ఉన్నా లేకున్నా ఒకటే.

నిమిషానికి 40 దాటిన ఊపిరికి వచ్చింది ఒకటిన్నర రెట్లు. మూలుగుడు, ముక్కుపుటాలు ఎగరడం, పక్కలెగరేయడం వంటి శ్రమ లక్షణాలకు 2.1. రక్తంలో ఆక్సిజన్ 96 శాతం, అంతకన్నా తక్కువ ఉంటే 2.8. ఆక్సిజన్ 96 దాటి ఉంటే 0.47, అంటే న్యుమోనియా అవకాశం సుమారు సగానికి తగ్గినట్టు. స్టెతస్కోపులో విన్న శబ్దాలు జబ్బును గట్టిగా పట్టివ్వలేదు. పదికి దగ్గరగా వెళ్లిన ఒంటరి లక్షణం ఒక్కటీ లేదు.

స్టెతస్కోపు పక్కన పెట్టేయమని అర్థం కాదు. పిల్లికూతలు వింటే అది ఉబ్బసం, లేదా వైరస్ వల్ల సన్నటి గాలిగొట్టాలు వాచిన బ్రాంకియోలైటిస్ కావచ్చు. అప్పుడు దారి మారుతుంది. గాలిగొట్టాలను వెడల్పు చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, 15-20 నిమిషాల వ్యవధిలో మూడుసార్ల వరకు ఇచ్చి, మళ్లీ ఊపిరి లెక్కపెట్టాలి. వేగం గీత కిందకు దిగి, పక్కలెగరేయడం ఆగితే యాంటీబయాటిక్ అవసరం రాకపోవచ్చు. ఈ అడుగు వదిలేయడం వల్లే ఉబ్బసం పిల్లలు ఏడాదికి నాలుగైదుసార్లు న్యుమోనియా మందులు మింగుతుంటారు. ఒక పక్క మాత్రమే గాలి శబ్దం బాగా తగ్గిందంటే నీరు చేరడమో, ఏదైనా వస్తువు గాలిగొట్టంలో ఇరుక్కోవడమో జరిగిందేమో చూడాలి. ముఖ్యంగా ఆడుకుంటూ ఉన్నపళంగా పొలమారి దగ్గు మొదలైన బిడ్డ విషయంలో.

ఎక్స్‌రేనే అంతిమ తీర్పు అనుకోవడమూ పొరపాటే. జబ్బు తొలి గంటల్లో ఏమీ కనిపించకపోవచ్చు. ఒకే చిత్రాన్ని ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదవడం మామూలే. వైరస్సా బ్యాక్టీరియానా అన్నది అది చెప్పదు. ఇంటికి పంపగలిగిన బిడ్డకు రొటీన్‌గా ఎక్స్‌రే అవసరం లేదు. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, మందు వేసినా తగ్గకపోయినా, నీరు చేరిందని అనుమానం ఉన్నా తీయించాలి.

ప్రశ్న: ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొన్న ఆక్సీమీటర్ ఉంది. రెండేళ్ల పాప వేలికి పెడితే ఒకసారి 98, ఒకసారి 87 చూపించింది. ఏది నమ్మాలి?

జవాబు: ఆ పరికరంతో రెండూ నమ్మవద్దు. పెద్దవాళ్ల క్లిప్పులో చిన్న వేలు వదులుగా ఉండి, వెలుతురు పక్కనుంచి జారిపోతుంది. పిల్లలకు బొటనకాలికో పాదానికో చుట్టే ప్రోబ్ ఉంటుంది. అదైనా చేతులు కాళ్లు చల్లగా ఉన్నా, బిడ్డ కదులుతున్నా తప్పు చూపిస్తుంది. తెరమీద అల ఒకే తీరుగా వస్తూ, అది చూపే గుండె వేగం నిజమైన నాడితో సరిపోయినప్పుడే ఆక్సిజన్ అంకెకు విలువ. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపే గుణం కూడా ఈ పరికరాలకు ఉంది.

సరిగ్గా కొలిచినప్పుడు 90 కన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన జబ్బు, ఆక్సిజన్ పెట్టాలి. ఎత్తైన కొండ ప్రాంతాల్లో మామూలుగానే కొంచెం తక్కువ ఉంటుంది. పెదాలు నీలంగా మారేదాకా ఎదురుచూడటం ప్రమాదం. డెసీలీటరు రక్తంలో సుమారు 5 గ్రాముల హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కోల్పోతే గానీ ఆ నీలం కంటికి కనిపించదు. రక్తహీనత ఉన్న బిడ్డలో అసలు కనిపించకుండానే పరిస్థితి విషమించవచ్చు.

ప్రశ్న: పాపకు ఛాతీలో గురగుర శబ్దం. చేయి పెడితే తెలుస్తోంది. నెమ్మేనా?

జవాబు: చాలావరకు గొంతులో, ముక్కు వెనక చేరిన కఫం శబ్దమే. ఊపిరి వేగం గీత కిందే ఉండి, పాలు మామూలుగా తాగుతూ, ఆడుకుంటుంటే కంగారు వద్దు.

ప్రశ్న: ఐదు వారాల పాప. దగ్గు లేదు, జ్వరం లేదు. కానీ నిన్నటి నుంచి పాలు సరిగా తాగడం లేదు, ఊపిరి గబగబా తీస్తోందని అనిపిస్తోంది. రేపటిదాకా చూడవచ్చా?

జవాబు: వద్దు, ఈరోజే తీసుకెళ్లండి.

రెండు నెలలలోపు బిడ్డల్లో పైన చెప్పిన లెక్కలు చాలవు. ఈ వయసులో న్యుమోనియాకు దగ్గు ఉండి తీరాలని లేదు. జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడవచ్చు. న్యుమోనియానా, రక్తంలో ఇన్ఫెక్షనా, మెదడు పొరల వాపా అన్నది పైకి చూసి విడదీయలేం. అందుకే పేరు పెట్టడం మానేసి ప్రమాద సూచనలు ఉన్నాయా లేవా అని చూస్తారు. పాలు తాగకపోవడం, నిమిషానికి 60 శ్వాసలు లేదా అంతకు మించి ఉండటం, పక్కలు లోతుగా గుంజుకుపోవడం, ఫిట్స్, ముట్టుకుంటే తప్ప కదలకపోవడం, చంకలో ఉష్ణోగ్రత 99.5 ఫారెన్‌హీట్ చేరడం లేదా 95.9 కన్నా తగ్గడం. వీటిలో ఒక్కటి చాలు. మీరు చెప్పిన మొదటి లక్షణం ఒక్కటే వెంటనే వెళ్లడానికి సరిపోతుంది.

బరువు బాగా తక్కువున్న, పోషకాహార లోపం తీవ్రంగా ఉన్న పెద్దపిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త. వాళ్లకు గట్టిగా పీల్చే బలమే ఉండదు కాబట్టి ఊపిరి వేగం, పక్కలెగరేయడం తక్కువగా కనిపించి మోసం చేస్తాయి.

ప్రశ్న: ఈ లక్షణాలు ఇంత బలహీనమైనవైతే, వాటిని చూసి యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పు కాదా? అసలు వైరస్సే ఎక్కువ అంటారు కదా.

జవాబు: వైరస్సే ఎక్కువన్న మాట నిజం. ఆఫ్రికా, ఆసియాల్లోని ఏడు దేశాల్లో జరిగి 2019లో వెలువడిన పెర్చ్ అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరి ఎక్స్‌రేలో జబ్బు కనిపించిన పిల్లల్లో సుమారు 61 శాతానికి వైరస్సులు, 27 శాతానికి బ్యాక్టీరియా కారణమని అంచనా వేశారు. ఆర్‌ఎస్‌వీ అనే ఒక్క వైరస్ వాటాయే 31 శాతం.

మందు మానేస్తే ఏమవుతుందో కూడా పరీక్షించారు. పక్కలెగరేయకుండా ఊపిరి వేగం మాత్రమే ఉన్న పిల్లల్లో కొందరికి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, కొందరికి మందు లేని ద్రావణం ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలు వచ్చిన కరాచీ పరీక్షలో చికిత్స విఫలమైనవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 2.6 శాతం, తీసుకోనివాళ్లలో 4.9 శాతం. మలావీలో నాలుగో రోజుకల్లా 4, 7 శాతాలు. తేడా ఉంది, చిన్నది. ఒక బిడ్డకు మేలు జరగాలంటే కరాచీ లెక్కన సుమారు 44 మందికి, మలావీ లెక్కన సుమారు 33 మందికి మందు ఇవ్వాలి.

దీనిమీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. మా అభిప్రాయం ఇది. రెండు రోజుల్లో మళ్లీ చూపించగల తల్లిదండ్రులు, దగ్గర్లో డాక్టరు, ఆక్సిజన్ 96 దాటి ఉన్న హుషారైన బిడ్డ, పైగా జలుబు, పిల్లికూతలు ఉంటే మందు ఆపి కనిపెట్టి ఉండటం సమంజసం. వీటిలో ఏది లేకపోయినా, ముఖ్యంగా మళ్లీ రావడం కష్టమైన చోట, ఇవ్వడమే క్షేమం. పక్కలెగరేస్తుంటే ఇక ఈ చర్చే అక్కర్లేదు, మందు ఇవ్వాలి. 2014లో మారిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ప్రమాద సూచనలేవీ లేకుంటే పక్కలెగరేసే బిడ్డకు కూడా నోటి అమాక్సిసిలిన్‌తో ఇంట్లోనే చికిత్స చేయవచ్చు. ఒక్కో మోతాదు కిలో బరువుకు కనీసం 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. పాత సీసాలో మిగిలిన మందును అంచనాగా పోస్తే ఈ మోతాదు కుదరదు. బరువు తూయించి డాక్టరే రాయాలి.

ప్రమాద సూచనలు అంటే: తాగలేకపోవడం, తాగిందంతా వాంతి కావడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా గాలి పీలిస్తే గొంతులో గరగర కూత రావడం. వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికే.

ప్రశ్న: మందు మొదలుపెట్టి రెండు రోజులైంది. జ్వరం తగ్గింది గానీ దగ్గు అలాగే ఉంది. మందు మార్చాలా?

జవాబు: దగ్గును బట్టి మార్చకండి. అది అన్నిటికన్నా చివర పోయే లక్షణం, రెండు వారాల దాకా పట్టవచ్చు. 48 నుంచి 72 గంటల్లో చూడాల్సినవి వేరు: ఊపిరి వేగం మొదటి రోజుకన్నా తగ్గిందా, జ్వరం దిగిందా, తిండి తాగుడు మెరుగైందా. మొదటి రోజు లెక్కపెట్టిన అంకె కాగితంమీద ఉంటేనే పోల్చగలం. అందుకే తేదీ, సమయం, నిద్రలోనా మెలకువలోనా అన్నవి కూడా రాసుకోమంటాం. వేగం తగ్గకుండా అలాగే ఉన్నా, కొత్తగా పక్కలెగరేయడం మొదలైనా మందు ఎన్ని మోతాదులు మిగిలాయని చూడకుండా మళ్లీ చూపించండి. తగ్గుముఖం పడితే రాసిన రోజులన్నీ మందు పూర్తి చేయండి. దగ్గు మొదలై రెండు వారాలు దాటినా పోకపోతే అప్పుడు క్షయ, ఉబ్బసం, ఇరుక్కున్న వస్తువు వంటివాటి కోసం వెతకాలి. ఎక్స్‌రే నిజంగా అక్కరకొచ్చేది అక్కడే.